మద్రాసులో "మొదటి" థియేటరు ఏది, "మొదటి" ఇండో-సారసెనిక్ కట్టడం ఏది: ఇన్ని సమాధానాలు ఎందుకున్నాయి?

ప్రతి ఏడాది ఆగస్టు 22న మద్రాస్ డే వస్తుంది, దానితో పాటే ఫోన్లలో పాత ఫోటోలూ వస్తాయి. దక్షిణ భారతంలో మొదటి సినిమా థియేటర్ ఇదేనని ఒక ఫోటో కింద ఉంటుంది. మర్నాడు ఇంకో భవనం ఫోటో, కింద మళ్ళీ అదే మాట. చెపాక్ ప్యాలెస్ దేశంలోనే మొదటి ఇండో-సారసెనిక్ కట్టడమని ఒకరు రాస్తే, ఆ శైలి పుట్టిందే వందేళ్ళ తర్వాత కదా అని ఇంకొకరు ఎదురు తగులుతారు. సినిమా మాటొస్తే మన తెలుగువాళ్ళు థియేటర్లు కట్టిన రఘుపతి వెంకయ్య పేరు తెస్తారు, తమిళులు మూకీ తీసిన నటరాజ ముదలియార్ పేరు తెస్తారు, కోయంబత్తూరు వాళ్ళకి టెంటు సినిమాల సామికన్ను విన్సెంట్ ఉండనే ఉన్నాడు.

వీటిలో అబద్ధాలు తక్కువే. ఒక్కొక్కరు ఒక్కో దానికి "మొదటి" అనే మాట తగిలిస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. పైగా ఈ ఊళ్ళో తొలి సినిమా కథనీ, కట్టడాల కథనీ విడదీసి చెప్పడం కష్టం. సినిమాకి సొంత ఇల్లు లేని రోజుల్లో అది తలదాచుకున్నది 19వ శతాబ్దపు హాళ్ళలోనే. ఆ హాళ్ళు ఎవరు గీశారు, ఎవరు కట్టారు, డబ్బు ఎవరిది అని తవ్వుతూ పోతే మళ్ళీ ఆ "మొదటి" తగాదాయే ఎదురవుతుంది.

ముందు నాలుగు తేడాలు చూసుకుందాం

సినిమా విషయంలో "మొదటిది" అన్నప్పుడు కనీసం నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఒకటి, ఊళ్ళో మొదటిసారి తెర మీద బొమ్మ కదిలిన ప్రదర్శన. దానికి థియేటర్ అక్కర్లేదు, ఏ హాలైనా చాలు. రెండోది, సినిమాలు ఆడించడానికే నడిపిన శాశ్వత ప్రదర్శనశాల. మూడోది, భారతీయుడి సొంత డబ్బుతో, సొంత యాజమాన్యంలో వచ్చిన థియేటర్. నాలుగోది, ఆ ఊళ్ళో తీసిన సినిమా. మద్రాసులో ఈ నాలుగూ నాలుగు వేర్వేరు కాలాల్లో జరిగాయి, వేర్వేరు మనుషుల చేతుల మీదుగా.

కట్టడాల విషయంలోనూ ఇదే తంతు. గీసినవాడు వేరు, కట్టిన కాంట్రాక్టర్ వేరు, డబ్బు పెట్టినవాడు వేరు, ఆ శైలికి తర్వాత పేరు పెట్టినవాళ్ళు మరీ వేరు. ఇండో-సారసెనిక్ అంటే స్థూలంగా ఇది: గుమ్మటాలు, మినార్లు, మొనదేలిన కమానులు, జాలీలు లాంటి మొఘల్, దక్కనీ అలంకారాలని తెచ్చి, ఐరోపా పద్ధతిలో ప్లాన్ చేసిన భవనం మీద కూర్చోబెట్టడం. లోపల కోర్టు, రైల్వే స్టేషన్, యూనివర్సిటీ లాంటి కొత్త అవసరాలు, బయట పాత రాజసం. మద్రాసు హైకోర్టు, ఎగ్మూరు స్టేషన్, మెరీనా ఎదురుగా ఉన్న సెనేట్ హౌస్ చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు.

అయితే పాతగా, పెద్దగా ఉన్న ప్రతిదాన్నీ ఈ గాటన కట్టేయకూడదు. 1913లో ప్రారంభమైన రిప్పన్ బిల్డింగ్, ఇప్పటికీ కార్పొరేషన్ ఆఫీసు, ఆ తెల్లటి భవనం ప్రధానంగా నియోక్లాసికల్. అంటే గ్రీకు, రోమన్ స్తంభాల వరస. సోషల్ మీడియాలో దాన్ని కూడా ఇండో-సారసెనిక్ అనే రాస్తుంటారు. దాని పక్కనే ఉన్న ఎర్ర భవనం దగ్గరికి వెళ్తే మాత్రం కథ మొదలవుతుంది.

రెండు కథలూ కలిసే చోటు: విక్టోరియా పబ్లిక్ హాల్

సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొచ్చి ఎగ్మూరు వైపు వెళ్తుంటే రిప్పన్ బిల్డింగ్ పక్కన కనిపించే ఎర్రటి భవనమే వీపీ హాల్. 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు. డిజైన్ రాబర్ట్ చిషోమ్‌ది, కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. 1880ల చివరికి వాడకంలోకి వచ్చింది.

ఈ మూడు పేర్లలో ఫోటోల కింద కనిపించేది సాధారణంగా చిషోమ్ ఒక్కడే. నంబెరుమాళ్ చెట్టి సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంటిపేరు చూస్తేనే మూలాలు ఎక్కడివో అర్థమవుతుంది. హైకోర్టు, ఇప్పుడు నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అని పిలిచే విక్టోరియా మెమోరియల్ హాల్, కానిమెరా లైబ్రరీ, ఈ పెద్ద పనులన్నిటికీ ఆయనే కాంట్రాక్టర్. మద్రాసు ఎరుపుకి చిషోమ్, హెన్రీ ఇర్విన్ గీసిన గీతలు ఎంత కారణమో, ఆయన మేస్త్రీల చేతులూ అంతే కారణం. గీసినవాడి పేరు మాత్రమే గుర్తుపెట్టుకోవడం అనేది చరిత్ర రాసేవాళ్ళకి పాత అలవాటు, సినిమాలో కూడా దర్శకుడి పేరు ఉంటుంది గానీ సెట్టు వేసినవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది!

వీపీ హాల్ మొదట సభలకి, నాటకాలకి పేరు పడింది. ధర్మవరం కృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ బళ్ళారి నుంచి మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసి ఉత్సాహం పుట్టిన కుర్రాడే పమ్మల్ సంబంద ముదలియార్, 1891లో సుగుణ విలాస సభ పెట్టి తమిళ నాటకానికి పెద్ద దిక్కయ్యాడు. ఆ సభకి చాలాకాలం ఈ హాలే ఇల్లు. టిక్కెట్టు కొని, చీకటి పడ్డాక, కుర్చీల్లో వరసగా కూర్చుని, ఎదురుగా వేదిక వైపు చూసే అలవాటు మద్రాసు మధ్యతరగతికి సినిమా కంటే ముందే ఇలాంటి చోట్ల పట్టుబడింది.

ఆ హాల్లోకే సినిమా వచ్చింది. ఎప్పుడు అంటే రెండు సమాధానాలు వినిపిస్తాయి. చాలాకాలంగా పుస్తకాల్లో ఉన్నది, 1897లో ఎడ్వర్డ్స్ అనే ఆయన చూపించాడని. అప్పటి పత్రికలు తిరగేసిన తర్వాతి పరిశోధకులు ఇంకాస్త వెనక్కి, 1896 డిసెంబరుకి వెళ్ళారు. మద్రాసులో ఫోటోగ్రఫీ సామాను అమ్మే స్టీవెన్సన్ వేసిన ప్రదర్శన అది. నాకు ఈ రెండోదే నమ్మకంగా అనిపిస్తుంది. తర్వాతెప్పుడో గుర్తు చేసుకుని రాసిన మాట కంటే ఆ వారం అచ్చయిన ప్రకటన గట్టి ఆధారం కదా. ఈ లెక్కన చూస్తే, ఈ దేశంలో మొదటి ప్రదర్శన బొంబాయి వాట్సన్ హోటల్లో 1896 జులై 7న జరిగింది, మద్రాసు ఆర్నెల్లు కూడా ఆలస్యం చెయ్యలేదు.

చెపాక్ ప్యాలెస్‌ని "మొదటిది" అనొచ్చా?

ఇప్పుడు కట్టడాల తగాదాలోకి దిగుదాం. ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజా మద్రాసుకి మకాం మార్చి, సెయింట్ జార్జి కోటకి దక్షిణాన, సముద్రం ఒడ్డున 1768లో ఒక ప్యాలెస్ కట్టించుకున్నాడు. కలస్ మహల్, హుమాయూన్ మహల్ అని అందులో రెండు భాగాలు. దాన్ని గీసింది ఈస్ట్ ఇండియా కంపెనీలో ఇంజనీరుగా వచ్చిన పాల్ బెన్‌ఫీల్డ్ అని చెబుతారు.

అవును, ఇదే మొదటిది అనేవాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. ఇస్లామిక్ కమానులూ గుమ్మటాలూ ఉన్నాయి, ఐరోపా ఇంజనీరు ఉన్నాడు, రెండూ కలిశాయి, తేదీ 1768. ఇంతకంటే ముందుది ఉంటే చూపించండి అంటారు.

కాదనేవాళ్ళు మూడు వైపుల నుంచి వస్తారు. బెన్‌ఫీల్డ్ పేరు సంప్రదాయంగా చెప్పుకుంటూ వస్తున్నదే తప్ప అతను గీశాడనడానికి గట్టి పత్రాలు చూపించడం కష్టం. చరిత్రలో అతని పేరు నిలిచింది భవనాల వల్ల కంటే అప్పుల వల్ల. నవాబుకి అప్పులిచ్చి, ఆ వడ్డీల మీద కోటీశ్వరుడైన మనిషి అతను, ఎంతలా అంటే 1785లో లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ ఆర్కాటు నవాబు అప్పుల మీద చేసిన ప్రసంగంలో ప్రధాన ముద్దాయిల్లో ఒకడయ్యాడు. రెండో అభ్యంతరం, ఒక ముస్లిం నవాబు తన ప్యాలెస్‌కి ముస్లిం పద్ధతి కమానులు పెట్టించుకుంటే అందులో వింతేముంది, అది ఉన్న సంప్రదాయానికి కొనసాగింపే కదా. ఇండో-సారసెనిక్ అనేది పాలకులుగా వచ్చిన బ్రిటిష్ వాళ్ళు తమ ప్రభుత్వ భవనాలకి కావాలని ఎంచుకున్న శైలి. ఆ ఎంపిక 1860ల తర్వాతే మొదలైంది. మూడోది, మనం ఈరోజు చూస్తున్న చెపాక్ అంతా 1768 నాటిది కాదు.

ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. 1855లో చివరి నవాబు గులాం గౌస్ ఖాన్ వారసుడు లేకుండా చనిపోయాడు, ఆ వంకతో బ్రిటిష్ వాళ్ళు నవాబ్‌గిరీనే రద్దు చేశారు. ప్యాలెస్ వేలానికొచ్చి చివరికి ప్రభుత్వం చేతిలోనే పడింది. ఆఫీసులు పెట్టారు. తర్వాత చిషోమ్ వచ్చి రెండు మహళ్ళ మధ్య టవర్ లేపాడు, పక్కన రెవెన్యూ బోర్డు భవనం కూడా ఆ ప్యాలెస్ రూపానికి తగ్గట్టు కట్టాడు. అంటే ఫోటోలో పక్కా ఇండో-సారసెనిక్‌లా కనిపించేదాంట్లో కొంత భాగం, వందేళ్ళ తర్వాత, ఆ శైలి పేరున్న ఆర్కిటెక్టే చేర్చినది.

అందుకే నా మటుకు నాకు చెపాక్ ఆ శైలికి మొదటి భవనం అనడం కంటే, ఆ శైలి పాఠం నేర్చుకున్న భవనం అనడమే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. చిషోమ్ కూడా ఈ శైలితో మొదలుపెట్టలేదు. 1860ల్లో పోటీలో గెలిచి కట్టిన ప్రెసిడెన్సీ కాలేజీ ఇటాలియన్ తరహాలో ఉంటుంది. చెపాక్‌లో పని చేశాక, 1874-79 మధ్య వచ్చిన సెనేట్ హౌస్‌లో అతని చెయ్యి పూర్తిగా మారిపోయింది, బైజాంటైన్ ఛాయలూ మొఘల్ ఛాయలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

ఈ శైలిని ఎందుకు తెచ్చారన్న దాని మీద కూడా రెండు అభిప్రాయాలున్నాయి, రెండిట్లోనూ పస ఉంది. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు తమని మొఘలుల వారసులుగా చూపించుకోవాలనుకున్నారు, ఈ గుమ్మటాలు ఆ రాజకీయానికి వేసిన వేషం అనేది ఒకటి. రెండోది, 1866-72 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ నేపియర్ లాంటివాళ్ళు ఈ ఎండకీ వానకీ ఇక్కడి పద్ధతులే నప్పుతాయని నిజంగా నమ్మారని, మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌ని కూడా నడిపిన చిషోమ్‌కి ఇక్కడి పనివాళ్ళ నేర్పు మీద గౌరవం ఉండేదని. మొదటి వాదనకి బలం ఇచ్చే ఒక సంగతి మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: చుట్టూ ద్రావిడ గోపురాలున్న నేలలో, ప్రభుత్వం తన భవనాలకి ఎంచుకున్నది ఉత్తరాది గుమ్మటాన్ని. వీపీ హాల్ టవర్ మీద కేరళ పద్ధతిలో వాలుగా పైకప్పు పెట్టడం లాంటివి అక్కడక్కడా ఉన్నాయనుకోండి, అవి మినహాయింపులే.

1896లో సినిమా వస్తే థియేటర్ రావడానికి పదిహేనేళ్ళు ఎందుకు పట్టింది?

సినిమా 1896లోనే వచ్చింది కదా, మరి 1900 నాటికే థియేటర్ ఉండాలి కదా అని అనిపిస్తుంది. పాత పుస్తకాలు కొన్ని మౌంట్ రోడ్డులోని ఎలక్ట్రిక్ థియేటర్‌కి 1900 అని తేదీ వేసింది బహుశా ఈ లెక్కతోనే. కానీ కాస్త కూడికలు చేస్తే అది ఎందుకు కుదరదో తెలిసిపోతుంది.

35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక అడుగుకి 16 ఫ్రేములు. మూకీల రోజుల్లో సెకనుకి సుమారు 16 ఫ్రేములు తిప్పేవాళ్ళు. అంటే అడుగుకి ఒక సెకను, లెక్క చాలా సులువు. ఫ్రాన్సులో సినిమాకి శ్రీకారం చుట్టిన లూమియేర్ సోదరుల తొలి చిత్రాలు ఒక్కొక్కటి 17 మీటర్లు, అంటే 55 అడుగులు, ఒక నిమిషం కూడా లేవు. వాట్సన్ హోటల్లో ఆ రోజు చూపించింది ఆరు. మొత్తం కలిపితే ఐదు, ఆరు నిమిషాల బొమ్మ. డజను చిత్రాలు తెచ్చుకున్నవాడి దగ్గర కూడా పన్నెండు నిమిషాల సరుకే ఉంటుంది, మిగతా సాయంత్రమంతా పాటలు, గారడీ, రీలు మార్చేటప్పుడు విరామాలు.

పైగా ఆ రోజుల్లో ఫిల్ములు అద్దెకి దొరికేవి కావు, కొనుక్కోవాలి. ఒకే ఊళ్ళో భవనం పెట్టుకుని కూర్చుంటే వారం తిరిగేసరికి చూసినవాళ్ళే మళ్ళీ రావాలి, కొత్త బొమ్మలు కావాలి, కొనడానికి డబ్బు కావాలి. అదే పెట్టె భుజాన వేసుకుని ఊరూరూ తిరిగితే ఆ పన్నెండు నిమిషాల సరుకే ప్రతి ఊళ్ళోనూ కొత్తది. బొమ్మలు మార్చలేనివాడు జనాన్ని మారుస్తాడు, టెంటు సినిమా వెనకున్న అసలు లెక్క ఇంతే. తిరుచ్చిలో రైల్వే ఉద్యోగిగా ఉన్న సామికన్ను విన్సెంట్ 1905లో డూపాంట్ అనే ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరూ రీళ్ళూ కొని, ఉద్యోగం మానేసి ఊళ్ళ మీద పడ్డది ఈ లెక్కతోనే.

తర్వాతి ఐదారేళ్ళలో మూడు మార్పులొచ్చాయి. 1907 ప్రాంతంలో పాథే లాంటి ఫ్రెంచి కంపెనీలు మన దేశంలో ఆఫీసులు తెరిచాయి, ఫిల్ములు అద్దెకి దొరకడం మొదలైంది. చిత్రాల నిడివి పెరిగి, వెయ్యి అడుగుల రీలు వచ్చింది, అంటే పదహారు నిమిషాల చిల్లర. ఆరు రీళ్ళుంటే వంద నిమిషాలు, ఒక సాయంత్రం నిండిపోతుంది. మూడోది కరెంటు. మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రామ్ 1895లోనే తిరిగింది గానీ, భవనాలకి కరెంటు సరఫరా ఓ పద్ధతిలో రావడానికి ఇంకో పదేళ్ళు పైనే పట్టింది. "ఎలక్ట్రిక్ థియేటర్" అనే పేరు ఆ రోజుల్లో ఇప్పటి "ఏసీ డాల్బీ" బోర్డు లాంటిదన్నమాట, ఇంగ్లండులోనూ అప్పుడు ఊరికొకటి ఆ పేరుతో ఉండేది.

నిప్పు భయం కూడా చిన్నదేం కాదు. అప్పటి ఫిల్ము నైట్రేట్. ఒకసారి అంటుకుంటే గాలి అందకపోయినా మండుతూనే ఉంటుంది. 1897 మేలో పారిస్‌లో ఒక ధర్మకార్య సంతలో ప్రొజెక్టర్ దీపం ఈథర్ అంటుకుని 120 మందికి పైగా చనిపోయారు. నాటకాల హాల్లో జనం మధ్యలో ప్రొజెక్టర్ పెట్టుకుని ఎన్నాళ్ళో నడపలేరు, దానికి నిప్పంటని విడి గది కావాలి, జనం త్వరగా బయటపడే దారులు కావాలి. సినిమా థియేటర్ అనే కొత్త రకం కట్టడం పుట్టడానికి తెర కంటే ఆ గదే పెద్ద కారణం. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టంలో సెన్సారుతో పాటు ప్రదర్శనశాలల లైసెన్సు కూడా ఉండటానికి ఇదే వెనకున్న సంగతి. సెన్సారు బోర్డు పెట్టిన నగరాల్లో మద్రాసు ఒకటి.

మౌంట్ రోడ్డు మీద ఒకరి తర్వాత ఒకరు

1911లో పాఫమ్స్ బ్రాడ్వేలో క్లుగ్ అనే ఆవిడ ఒక బయోస్కోప్ నడిపింది. కొన్ని నెలలకే ఆగిపోయింది, అందుకే జాబితాల్లో ఒకరు చేరుస్తారు, ఒకరు వదిలేస్తారు. 1913లో వార్విక్ మేజర్, ఇంకో భాగస్వామితో కలిసి మౌంట్ రోడ్డులో ఎలక్ట్రిక్ థియేటర్ పెట్టాడు. సినిమా కోసమే కట్టిన శాశ్వత ప్రదర్శనశాల అన్న కొలతతో చూస్తే మద్రాసులో మొదటిదిగా ఎక్కువమంది ఒప్పుకునేది దీన్నే. వచ్చేవాళ్ళు ఎక్కువగా దొరలూ దొరసానులూ. రెండేళ్ళు తిరక్కుండానే 1915లో తపాలా శాఖ చేతికి వెళ్ళిపోయింది.

ఈలోగా మన వెంకయ్య కథ నడుస్తోంది. రఘుపతి వెంకయ్య 1869లో బందరులో పుట్టాడు. మద్రాసు వచ్చి ఫోటో స్టూడియో పెట్టుకుని బాగానే సంపాదించుకుంటున్న మనిషి, 1909-10 ప్రాంతంలో స్టూడియో తాకట్టు పెట్టి మరీ క్రోనోమెగాఫోన్ తెప్పించాడు. ఇది ఫ్రెంచి గోమాంట్ కంపెనీ యంత్రం. ప్రొజెక్టర్‌కీ గ్రామఫోన్‌కీ లంకె వేసి, బొమ్మతో పాటు పాట వినపడేలా చేస్తుంది, హాలంతటికీ వినపడాలని శబ్దాన్ని గాలి ఒత్తిడితో పెంచుతుంది. రికార్డు ఎంతసేపు ఆడితే అంతే బొమ్మ, మూడు నాలుగు నిమిషాలకి మించదు. అంటే టాకీ రావడానికి ఇరవయ్యేళ్ళ ముందే మద్రాసు జనం తెర మీద బొమ్మ పాడటం విన్నారు. దాన్ని ఆయన ఎక్కడ ప్రదర్శించాడు? మళ్ళీ వీపీ హాల్లోనే. తర్వాత ఎస్ప్లనేడ్‌లో టెంటు, ఆ తర్వాత బర్మా, సిలోన్ దాకా పర్యటనలు.

ఆ డబ్బుతో 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ కట్టాడు. వెంటనే మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్. చూశారా, ఈ మూడు చోట్లు ఎంచుకోవడంలోనే వ్యాపారం తెలిసిన చెయ్యి కనిపిస్తుంది. మౌంట్ రోడ్డు దొరల షాపుల వీధి, మింట్ స్ట్రీట్ జార్జ్‌టౌన్‌లో తెలుగు, గుజరాతీ, మార్వాడీ వర్తకులుండే చోటు, పురసవాకం మామూలు కుటుంబాల పేట. తెల్లవాళ్ళ వినోదంగా ఉన్నదాన్ని మూడు వీధుల్లో ఊరందరిదీ చేశాడాయన.

గెయిటీని "భారతీయుడు కట్టిన మొదటి థియేటర్" అంటారు. మద్రాసు నగరం వరకూ ఆ మాట నిలుస్తుంది. "దక్షిణ భారతంలో" అన్నామంటే మాత్రం కోయంబత్తూరు వాళ్ళు ఊరుకోరు, విన్సెంట్ వెరైటీ హాల్ కూడా 1914దే. ఏ నెల ఎవరిది అన్న పంచాయితీలోకి నేను వెళ్ళను, ఒకే ఏడాది రెండు ఊళ్ళలో ఇద్దరికి ఒకే ఆలోచన తట్టిందంటే కారణం పైన చెప్పిన లెక్కలే: అద్దె ఫిల్ములు, పొడుగు చిత్రాలు, కరెంటు.

మాటల్లేని సినిమాకి భాష ఎక్కడిది?

ఇక సినిమా తీయడం. ఇక్కడి చిక్కు ఇంకాస్త ముదురు. మోటారు వ్యాపారంలో ఉన్న నటరాజ ముదలియార్, కర్జన్ ప్రభువు దగ్గర పనిచేసిన స్టీవర్ట్ స్మిత్ అనే కెమెరామెన్ దగ్గర పని నేర్చుకుని, ఇండియా ఫిల్మ్ కంపెనీ పెట్టి "కీచక వధం" తీశాడు. దక్షిణాదిన మొదటి కథాచిత్రంగా దీన్నే చెబుతారు. తేదీ దగ్గర మాత్రం 1916, 1917, 1918 మూడూ కనిపిస్తాయి, ఫిల్ము ఇప్పుడు లేదు కాబట్టి చూసి తేల్చుకునే వీల్లేదు. దీన్ని మొదటి తమిళ సినిమా అని కూడా అంటారు. అది మూకీ, మధ్యలో వచ్చే అక్షరాలు ఇంగ్లీషు, తమిళం, హిందీల్లో ఉండేవి. మరి ఏ భాష సినిమా అనాలి?

మన వైపూ ఇదే. వెంకయ్య కొడుకు రఘుపతి ప్రకాశ్ ఇంగ్లండులో బార్కర్ స్టూడియోలో పని నేర్చుకుని వచ్చాడు, తండ్రీ కొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పెట్టి 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" తీశారు. దర్శకుడూ ప్రకాశే, భీష్ముడూ ప్రకాశే. తెలుగువాళ్ళు తీసిన మొదటి సినిమా అంటే తిరుగులేదు. మొదటి తెలుగు సినిమా అంటే అర్థం కాస్త జారుతుంది. దీని ఫిల్ము కూడా మిగల్లేదు.

కట్టడాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ రెండు సినిమాల మధ్య ఇంకో తేడా ఆసక్తిగా ఉంటుంది. ముదలియార్ ఎండనే లైటుగా వాడుకున్నాడు, పైన పల్చటి తెల్లగుడ్డ కట్టి వెలుతురు వడగట్టి కింద షూటింగ్ చేశాడు. వెంకయ్య వాళ్ళు పురసవాకంలో పెట్టిన స్టూడియోని అద్దాల స్టూడియో అనేవాళ్ళు. అద్దాల గోడలు, అద్దాల కప్పు అంటే అప్పటి ఐరోపా స్టూడియోల పద్ధతి, ఎండ లోపలికి రావాలి, గాలీ వానా రాకూడదు. సినిమా వేయడానికి పూర్తి చీకటి గది, సినిమా తీయడానికి పూర్తి వెలుతురు గది, ఒకే పేటలో రెండూ ఒకే కుటుంబం కట్టింది. టాకీ వచ్చాక ఆ అద్దాలు పనికిరాకుండా పోయాయి. బయట బండి చప్పుడు లోపల మైకుకి వినపడకూడదు కదా, స్టూడియోలకి మందపాటి మూసేసిన గోడలొచ్చాయి.

తేదీ ఎలా తేలుతుంది: ఒక ఉదాహరణ

ఇలాంటి తగాదాలు ఎప్పటికీ తేలవని అనుకోనక్కర్లేదు. "భక్త ప్రహ్లాద" సంగతే చూడండి. తెలుగులో మొదటి పూర్తి టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాశారు, ఆ రోజున ఉత్సవాలూ చేశారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలూ రికార్డులూ వెతికితే ఆ సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ వచ్చింది 1932 జనవరి 22న అని బయటపడింది. సర్టిఫికెట్ లేకుండా విడుదల కుదరదు, కాబట్టి 1931 పోయింది. విడుదల తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేలింది, అదీ బొంబాయిలో.

ఈ ఒక్క దిద్దుబాటుతో ఇంకోటి కూడా సర్దుకుంది. 1931 అక్టోబరు 31న మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలైన "కాళిదాస్"లో తమిళంతో పాటు తెలుగు మాటలూ పాటలూ ఉన్నాయి. పాత తేదీ ప్రకారం తెర మీద తెలుగు ముందు వినపడింది "భక్త ప్రహ్లాద"లో, కొత్త తేదీ ప్రకారం "కాళిదాస్"లో. ఇంకా తమాషా ఏమిటంటే ఈ రెండిటినీ తీసింది హెచ్.ఎం.రెడ్డే, రెండూ తయారైంది బొంబాయిలోనే. మూకీల్లో ముందున్న మద్రాసుకి సొంత టాకీ స్టూడియో 1934 దాకా రాలేదు.

చెపాక్ విషయంలో బెన్‌ఫీల్డ్ పేరుకీ, "కీచక వధం" తేదీకీ ఇలాంటి సర్టిఫికెట్ దొరికితే ఆ తగాదాలూ తీరతాయి. 1918 చట్టం 1920లో అమల్లోకి వచ్చింది, అంటే "కీచక వధం" నాటికి సెన్సారే లేదు, ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఆనాటి పత్రికల ప్రకటనలే.

ఇప్పుడు వెళ్తే ఏమేం కనిపిస్తాయి

చెపాక్‌లో కలస్ మహల్ 2012 జనవరిలో అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది, తర్వాత మళ్ళీ బాగుచేశారు. వీపీ హాల్ ఉంది. ఎలక్ట్రిక్ థియేటర్ భవనం కూడా ఉంది, అన్నా సాలై (పాత మౌంట్ రోడ్డే) పోస్టాఫీసు ఆవరణలో, స్టాంపులు సేకరించేవాళ్ళ కోసం పెట్టిన ఫిలాటెలిక్ బ్యూరోగా. గెయిటీ మాత్రం లేదు, కూల్చేశారు. వెంకయ్య పేరు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి అవార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన కట్టిన థియేటర్ ఎక్కడుండేదో చూద్దామని అన్నా సాలైకి వెళ్తే, రెండేళ్ళు నడిచిన వార్విక్ మేజర్ థియేటర్ కనిపిస్తుంది, తొంభై ఏళ్ళకి పైగా ఉన్న గెయిటీ కనిపించదు. ఫోటోల కింద తపాలా భవనానికి "మొదటి థియేటర్" పేరు అంత తేలిగ్గా అంటుకోవడానికి అదీ ఒక కారణమే, ఫోటో తీసుకోవడానికి మిగిలింది అదొక్కటే మరి.